కోసే ముందు ఒక ఫొటో, తీశాక ఒక ఫొటో: థియేటర్లో చిన్న గామా కెమెరా వాడే పద్ధతి

ముందే చెప్పేస్తాను, నేను సర్జన్ని కాను. క్యాన్సర్ ఆపరేషన్లలో లింఫ్ నోడ్ ఎక్కడుందో చూపించే గామా కెమెరా (ఒంట్లో ఎక్కించిన రేడియోధార్మిక మందు నుంచి వచ్చే గామా కిరణాల్ని బొమ్మగా చూపేది) బండిని న్యూక్లియర్ మెడిసిన్ విభాగం నుంచి తోసుకుంటూ ఆపరేషన్ థియేటర్లోకి వచ్చి, ఎవరి కాలికీ వైరు తగలకుండా ఒక మూల సర్దుకుని, "కొంచెం ఎడమకి సార్, ఇంకొంచెం, ఆ, అక్కడే ఆపండి" అనేవాణ్ణి. కాబట్టి కత్తి ఎలా పట్టాలో ఇక్కడ దొరకదు. కెమెరా ఎక్కడ పెట్టాలి, ఎంతసేపు పెట్టాలి, స్క్రీన్ మీద కనపడిన దాంట్లో ఎంత నమ్మాలి, ఎంత నమ్మకూడదు, ఇవే రాస్తున్నాను. మెషీన్‌తో పాటు వచ్చే మాన్యువల్‌లో బటన్ల గురించి బోలెడు ఉంటుంది కానీ ఈ సంగతులు పెద్దగా ఉండవు. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన టెక్నాలజిస్టులు, మొదటిసారి ఈ కెమెరా చూస్తున్న సర్జరీ పీజీలు మనసులో ఉంచుకుని రాస్తున్నా.

కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ల కడుతుంది కదా. పుండు దగ్గరి నుంచి లింఫ్ (సన్నటి నాళాల్లో పారే ద్రవం) ఎటు పారుతోందో ఆ దారిలో ఉన్న లింఫ్ నోడ్ ముందుగా స్పందిస్తుంది. క్యాన్సర్ కణాలూ చాలాసార్లు అదే దారి పడతాయి. గడ్డ ఉన్న చోటి నుంచి లింఫ్ నేరుగా వచ్చి చేరే మొదటి నోడ్‌ని సెంటినెల్ నోడ్ అంటారు. దాన్ని తీసి పాథాలజీకి పంపి, అందులో క్యాన్సర్ లేదని తేలితే వెనకున్న నోడ్స్ అన్నిటినీ ఊడ్చిపారేయాల్సిన అవసరం చాలామందికి ఉండదు. చంకలో నోడ్స్ అన్నీ తీసేసిన వాళ్లలో కొందరికి చెయ్యి వాచి, ఆ వాపు జీవితాంతం ఉండిపోతుంది, అది తప్పించడానికే ఈ తంటా అంతా. 1977లో కబన్యాస్ పురుషాంగ క్యాన్సర్‌లో ఈ ఆలోచనని ముందుకు తెచ్చాడు, 1992లో మోర్టన్ బృందం మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో నీలం రంగు డైతో చేసి చూపించింది, 1993లో క్రాగ్ బృందం రొమ్ము క్యాన్సర్‌లో రేడియోధార్మిక ట్రేసర్ (లింఫ్ దారి పట్టుకోవడానికి గడ్డ దగ్గర ఇంజెక్షన్ చేసేది), చేతి ప్రోబ్ (గామా కిరణాలు తగిలితే కూసే కడ్డీ) వాడి నోడ్‌ని పట్టుకుంది.

ట్రేసర్ అంటే దాదాపు ఎప్పుడూ టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక మూలకం అంటించిన పదార్థమే. నానోకొల్లాయిడ్, సల్ఫర్ కొల్లాయిడ్, లేదా నోడ్‌లోని కణాల మీదున్న రిసెప్టర్‌కి అతుక్కునే టిల్మనోసెప్ట్. వీటిలో ఏది వాడినా బయటికొచ్చేది 140 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణమే, రేడియోధార్మికత సగానికి తగ్గడానికి పట్టేది (అర్ధాయువు) 6 గంటలే. ఈ రెండు అంకెలూ గుర్తుంటే చాలు, మిగతా లెక్కలు చాలావరకు వీటిలోంచే వస్తాయి.

ఇక ప్రోబ్ ఉండగా కెమెరా ఎందుకు అని ప్రతి థియేటర్లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ప్రోబ్ చకచకా పని చేస్తుంది, గాయం లోపలికి దూరుతుంది, కుయ్‌మని అరుస్తుంది, సర్జన్ కళ్లు తిప్పక్కర్లేదు. చంకలో ఒకే ఒక్క నోడ్ కణకణలాడుతూ ఉన్న మామూలు రొమ్ము కేసులో కెమెరా లేకపోయినా ఏ నష్టమూ లేదు, నేనే చెబుతున్నాను. తేడా ఎక్కడొస్తుందంటే, ప్రోబ్ తను చూస్తున్న ఆ ఒక్క చోట ఎంత ఉందో చెబుతుంది తప్ప పక్కన ఇంకోటి ఉందో లేదో చెప్పదు. అది మీరు వెతుక్కోవాలి. కెమెరా ఆ ప్రాంతం మొత్తాన్ని ఒకేసారి చూపిస్తుంది. ఇంజెక్షన్ చేసిన చోటుకి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో నోడ్ ఉన్నప్పుడు, లోతుగా ఉన్నప్పుడు, నోడ్స్ గుంపుగా ఉన్నప్పుడు కెమెరా విలువ తెలుస్తుంది. నా అనుభవంలో మాత్రం కెమెరాతో అసలు లాభం మొదటి నోడ్‌ని వెతకడంలో లేదు. నోడ్ తీసేశాక "ఇంకేమైనా మిగిలిందా" అన్న ప్రశ్నకి ఫొటోతో జవాబు చెప్పడంలో ఉంది. అందుకే ఆ రెండో ఫొటో గురించి కాస్త వివరంగా రాశాను.

కెమెరాల్లో రెండు జాతులు కనిపిస్తాయి. ఒకటి పిన్‌హోల్ జాతి, ముందు చిన్న కన్నం, వెనకాల సీజియం అయొడైడ్ స్ఫటికం, సెంటినెల్లా అనే కెమెరా ఈ రకమే, బండికి బిగించిన చేతి మీద వేలాడుతూ ఉంటుంది. రెండోది క్రిస్టల్‌క్యామ్ లాంటిది, క్యాడ్మియం జింక్ టెల్యురైడ్ అనే సెమీకండక్టర్‌తో చేసింది, చేత్తో పట్టుకుని వాడొచ్చు, ముందు చాలా కన్నాలున్న కొలిమేటర్ (నేరుగా వచ్చే కిరణాల్ని మాత్రమే లోపలికి వదిలే జల్లెడ లాంటిది) ఉంటుంది. 1950ల్లో హాల్ ఆంగర్ తయారుచేసిన గామా కెమెరా సూత్రమే ఇప్పటికీ విభాగంలో ఉండే పెద్ద కెమెరాల్లో నడుస్తోంది, ఈ చిన్నవి దాన్ని అరచేతికి దింపుకున్న రూపాలు. మీ దగ్గర ఏ జాతి ఉందో ముందు తెలుసుకోండి, ఎందుకంటే దూరం విషయంలో రెండూ రెండు రకాలుగా ప్రవర్తిస్తాయి.

పిన్‌హోల్‌లో దూరం జరిగే కొద్దీ ఎక్కువ ప్రాంతం కనిపిస్తుంది. స్ఫటికం వెడల్పు 4 సెంటీమీటర్లు, కన్నానికీ స్ఫటికానికీ మధ్య 3 సెంటీమీటర్లు ఉందనుకోండి. చర్మానికి 3 సెంటీమీటర్ల దూరంలో పెడితే 4 సెంటీమీటర్ల మేర కనిపిస్తుంది, 15 సెంటీమీటర్ల దూరంలో పెడితే 20 సెంటీమీటర్ల మేర. అబ్బ, బాగుంది కదా అనుకుంటే, కౌంట్లు (కెమెరా పట్టుకునే కిరణాల లెక్క) దూరం వర్గానికి తగ్గట్టు పడిపోతాయి. 5 నుంచి 15 సెంటీమీటర్లకి జరిగితే దూరం మూడింతలు, కౌంట్లు తొమ్మిదో వంతు. పైగా పక్కపక్కనే ఉన్న రెండు నోడ్స్ ఒకటిగా కలిసిపోయి కనిపిస్తాయి. సమాంతర కన్నాల కొలిమేటర్ ఉన్నదాంట్లో దూరం జరిగినా కనిపించే మేర మారదు, కౌంట్లు కూడా పెద్దగా తగ్గవు, బొమ్మ మాత్రం మసకబారుతుంది. కాబట్టి అలాంటిది ఎప్పుడూ వీలైనంత దగ్గర. పిన్‌హోల్ అయితే మొదట దూరంగా పెట్టి మొత్తం చూసుకుని, తర్వాత దగ్గరికి దింపడం.

పేషెంట్ రాకముందు చేసుకోవాల్సిన పని

విభాగంలో తీసిన లింఫోసింటిగ్రఫీ (ట్రేసర్ ఏయే నోడ్స్‌కి చేరిందో చూపే స్కాన్), వీలైతే స్పెక్ట్-సీటీ (దాన్నే సీటీతో కలిపి లోతుతో సహా చూపేది), మీరే తెరిచి చూసుకోండి. రిపోర్ట్ ఒక్కటే చదివి వెళ్లకండి. ఎన్ని నోడ్స్, ఏది ముందు వెలిగింది, ఏది వెనక స్థాయి నోడ్ (మొదటిదాన్ని దాటాక లింఫ్ చేరేది), ఇంజెక్షన్ చోటుకి ఎంత దగ్గర, ఎంత లోతు, ఇవి మీ తలలో ఉండాలి. ఎందుకంటే థియేటర్లో మీకు కనపడేది చదునైన బొమ్మ, లోతు దాంట్లో ఉండదు. లోతు జ్ఞానం సీటీ నుంచే తెచ్చుకోవాలి.

ఇంజెక్షన్ ఎప్పుడు చేశారో, ఎంత చేశారో రాసుకోండి. అదే రోజు సర్జరీ అయితే మొత్తం 5 నుంచి 30 మెగాబెక్వెరెల్ (రేడియోధార్మికత కొలత) సరిపోతుందనీ, మర్నాటి సర్జరీకైతే 150 వరకూ ఇస్తారనీ రొమ్ము విషయంలో మార్గదర్శకాలు చెబుతాయి. 24 గంటలు గడిస్తే మిగిలేది పదహారో వంతు. పొద్దున ఎనిమిదికి మొదలవ్వాల్సిన కేసు సాయంత్రానికి జారిపోతే ఏమవుతుందో మీకే అర్థమవుతుంది, 10 సెకన్లలో రావాల్సిన బొమ్మకి అర నిమిషం పడుతుంది. అందుకే థియేటర్ లిస్టులో సెంటినెల్ కేసు ఎన్నో నంబరో ముందురోజే కనుక్కుంటాను, చివర్లో వేశారని తెలిస్తే బతిమాలుకుంటాను.

కెమెరాని అరగంట ముందు ఆన్ చేసి వేడెక్కనివ్వండి. ఎనర్జీ శిఖరం 140 దగ్గరే ఉందా, విండో (కెమెరా లెక్కలోకి తీసుకునే ఎనర్జీ పరిధి) దానికి రెండు పక్కలా పది శాతం చొప్పున ఉందా చూడండి. కోబాల్ట్-57 షీట్ (పరీక్షకి వాడే రేడియోధార్మిక పలక) ఉంటే పెట్టి బొమ్మ అంతటా సమానంగా వస్తోందో లేదో చూడండి, దాని శిఖరం 122 దగ్గర ఉంటుంది కాబట్టి విండో మార్చి, తర్వాత తిరిగి 140కి తేవడం మర్చిపోవద్దు. ఇది నవ్వుకునే విషయంలా ఉంటుంది కానీ, విండో వెనక్కి మార్చకుండా థియేటర్లోకి వెళ్లి "ఏంటిది, ఏమీ రావట్లేదు" అని చెమటలు పట్టించుకున్న రోజు నాకూ ఉంది. చివరగా దగ్గర్లో ఏ రేడియోధార్మిక సోర్సూ లేకుండా ఒక నిమిషం ఖాళీ బొమ్మ తీయండి. అందులో ఏదైనా చుక్క కనిపిస్తే కెమెరా ముఖం మీదో కవర్ మీదో ట్రేసర్ అంటుకున్నట్టు.

థియేటర్లో చోటు

డ్రేపింగ్ (పేషెంట్ మీద స్టెరైల్ గుడ్డలు కప్పడం) అవ్వకముందే కెమెరా చేతిని ఒకసారి ఆపరేషన్ చోటు మీదికి తిప్పి చూడండి. లైటుకి తగులుతుందా, మత్తు డాక్టర్ గొట్టాలకి అడ్డం వస్తుందా, సర్జన్ నిలబడే చోటుకి ఎదురుగా స్క్రీన్ కనిపిస్తుందా. స్క్రీన్ సర్జన్ వీపు వెనక ఉంటే ఆ కేసులో మీరు వ్యర్థం. చేతి కీలు బిగించాక నెమ్మదిగా కిందికి జారుతోందేమో కూడా చూడాలి, పాతబడ్డ చేతులకి ఆ జబ్బు ఉంటుంది, ఒక నిమిషం బొమ్మలో ఒక సెంటీమీటరు జారితే చుక్క కాస్తా గీత అవుతుంది.

స్టెరైల్ కవర్ తొడిగేటప్పుడు చాలామంది ప్లాస్టిక్ వల్ల బొమ్మ పాడవుతుందేమో అని భయపడతారు. 140 కిరణానికి ఆ ప్లాస్టిక్ ఉన్నా లేనట్టే. కానీ కవర్ వదులుగా వేలాడి గాయం మీద పడకుండా ముఖం దగ్గర బిగించి టేప్ వేయండి. రక్తం, లింఫ్ తగిలిన కవర్ కెమెరా ముఖం మీదికి మడత పడిందంటే ఆ తడిలోనే ట్రేసర్ ఉంటుంది, ఇక ప్రతి ఫొటోలోనూ అదే చోట ఒక దొంగ చుక్క.

ఇంకో సంగతి. స్కాన్‌లో చెయ్యి తలపైకి ఎత్తి పడుకోబెడతారు, థియేటర్లో చెయ్యి పక్కకి చాపి ఉంచుతారు. అంతకుముందు చర్మం మీద వేసిన ఇంకు గుర్తు ఇప్పుడు నోడ్‌కి సరిగ్గా పైన ఉండదు, చంకలో ఇది బాగా తేడా చేస్తుంది. అందుకే పొజిషన్ పూర్తయ్యాక కెమెరాతో మళ్లీ గుర్తు సరిచేసుకోవాలి.

మొదటి ఫొటో

కోత పడకముందు తీసేది ఇది. పిన్‌హోల్‌ని 15 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టి అర నిమిషం నుంచి ఒక నిమిషం. స్కాన్‌లో ఉన్నన్ని చుక్కలు ఇక్కడా కనిపిస్తున్నాయా, లేదా ఎక్కువున్నాయా చూడండి. కనిపిస్తే దగ్గరికి దింపి ఒక్కొక్కదాన్నీ మళ్లీ తీయండి. సరిగ్గా ఏ చోటు మీద ఉందో తెలుసుకోవడానికి సూది మొనంత సోర్స్ ఒకటి చర్మం మీద జరుపుతూ స్క్రీన్ మీద దాన్ని చుక్క మీదికి తేవడం పాత పద్ధతి. కొన్ని కెమెరాల్లో లేజర్ గీత వస్తుంది, కొన్నిట్లో అయొడిన్-125 గింజని పాయింటర్‌గా వాడి, దాని తక్కువ ఎనర్జీని వేరే రంగులో చూపిస్తారు, నోడ్ ఒక రంగు, పాయింటర్ ఇంకో రంగు. ఇది చాలా హాయిగా ఉంటుంది. ఏ పద్ధతైనా, కెమెరా చర్మానికి నిట్టనిలువుగా ఉండాలి. వాలుగా పెడితే నోడ్ ఎంత లోతుగా ఉంటే మీ గుర్తు అంత పక్కకి పోతుంది. అయిదు సెంటీమీటర్ల లోతులో ఉన్న నోడ్‌కి 30 డిగ్రీల వాలు అంటే దాదాపు మూడు సెంటీమీటర్ల తప్పు.

ఆ వాలునే మంచికి కూడా వాడుకోవచ్చు. నిలువుగా ఒకటి, పక్కనుంచి ఒకటి తీస్తే లోతు మీద అంచనా వస్తుంది. రెండో కోణంలో చుక్క రెండుగా విడిపోతే ఒకదాని కింద ఇంకోటి దాక్కుందన్నమాట. చుక్క మసకగా ఉంది కాబట్టి చిన్న నోడ్ అని అనుకోకండి. నాలుగున్నర సెంటీమీటర్ల కండ అడ్డుంటే 140 కిరణాల్లో సగం అక్కడే ఆగిపోతాయి, కాబట్టి మసక చుక్క లోతుగా ఉన్న గట్టి నోడ్ కావచ్చు.

ఈ మొదటి ఫొటోకి వాడిన ఎత్తు, కోణం, సమయం కాగితం మీద రాసుకోండి. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇంజెక్షన్ చోటు వెలుగుతో గొడవ

నాలుక కింద గడ్డ, గవద దగ్గర మెలనోమా, రొమ్ము పైభాగంలో చంక వైపున్న గడ్డ, ఇలాంటి కేసుల్లో అసలు తలనొప్పి ఇది. ఇచ్చిన ట్రేసర్‌లో చాలా భాగం ఇంజెక్షన్ చోటే కూర్చుంటుంది, నోడ్‌కి చేరేది చాలా కొంచెం. కాబట్టి పక్కపక్కనే ఉన్నప్పుడు ఆ పెద్ద వెలుగులో చిన్న చుక్క మునిగిపోతుంది. ప్రోబ్ కూడా ఇక్కడే తికమక పడుతుంది, ఎటు తిప్పినా అరుస్తూనే ఉంటుంది.

చేయగలిగిన పనులున్నాయి. మొదటిది సీసం పలక. 2 మిల్లీమీటర్ల సీసం 140 కిరణాల్లో నూటికి 99 పైగా ఆపేస్తుంది, స్టెరైల్ సంచిలో వేసి ఇంజెక్షన్ చోటు మీద పెడితే బొమ్మ ఒక్కసారిగా తేటపడుతుంది. కానీ పలక సరిగ్గా ఎంత పెద్దది పెట్టారన్నది చూసుకోండి, అతి జాగ్రత్తతో పెద్ద పలక పెట్టి నోడ్‌ని కూడా కప్పేసి "నోడ్ లేదు" అని ప్రకటించిన సందర్భం నా కళ్ల ముందే జరిగింది, పలక రెండు వేళ్లు జరిపాక నోడ్ నవ్వుతూ కనిపించింది. రెండోది కోణం. కెమెరాని ఇంజెక్షన్ చోటు వైపు నుంచి అవతలికి చూసేలా తిప్పితే ఆ వెలుగు ఫ్రేమ్ బయటికి పోతుంది. రొమ్ము కేసులో అయితే రొమ్ముని చేత్తోనో టేప్‌తోనో మధ్యకి లాగి పట్టుకుంటే చంక తేలుతుంది. మూడోది, గడ్డని ముందు తీసేయడం. ట్రేసర్ ఉన్న గడ్డ టేబుల్ దాటి వెళ్లిపోతే మిగతా బొమ్మ దానంతట అదే శుభ్రపడుతుంది. అయితే ఏది ముందు ఏది తర్వాత అన్నది సర్జన్ నిర్ణయం, మనం ముందే అడిగి ఉంచుకోవడం వరకే.

స్క్రీన్ మీద రంగుల పైపరిమితి తగ్గించి ఇంజెక్షన్ చోటుని మాడ్చేసి నోడ్‌ని పైకి లేపడం కూడా చేస్తారు, అది చూసుకోవడానికి మంచిదే, కానీ అలా చేసిన బొమ్మలో పెద్ద వెలుగు అంచు ఉబ్బి నోడ్‌లా కనిపించగలదు. కోణం మార్చి చూసినా అక్కడే నిలబడిందా అన్నది పరీక్ష.

కోత పడ్డాక

ఇక్కడి నుంచి ప్రోబ్‌దే రాజ్యం, కెమెరాని పక్కకి తిప్పేయండి. సర్జన్ ప్రోబ్‌తో దారి వెతుక్కుంటూ, నీలం డై వాడి ఉంటే నీలం గీత పట్టుకుంటూ, ఇండోసయనిన్ గ్రీన్ (ప్రత్యేక కాంతి పడితే మెరిసే డై) వాడి ఉంటే ఆ మెరుపు, అంటే ఫ్లోరెసెన్స్ చూసుకుంటూ వెళతారు. ఫ్లోరెసెన్స్ కంటికి ఇంపుగా ఉంటుంది కానీ కణజాలంలో సుమారు ఒక సెంటీమీటరు లోతు దాటి కనపడదు, గామా దాటి వస్తుంది, అందుకే రెండూ ఒకే ట్రేసర్‌లో కలిపినవి కూడా వాడుతున్నారు. ప్రోబ్ పావుగంట తిరిగినా దొరక్కపోతే మాత్రం మొహమాటపడకుండా కెమెరాని మళ్లీ తెమ్మని అడగండి, లేదా మీరే తెస్తానని చెప్పండి. ఒక నిమిషం బొమ్మ అరగంట వెతుకులాటని తప్పిస్తుంది. గాయంలోని లోహపు రిట్రాక్టర్లు కెమెరాకీ నోడ్‌కీ మధ్య అడ్డుగా లేకుండా తీయించండి, స్టీలు కూడా కిరణాల్ని ఎంతో కొంత ఆపుతుంది.

ల్యాప్రోస్కోపీలో పని వేరు. పొత్తికడుపులో నోడ్ లోతుగా ఉంటుంది, పక్కనే మూత్రాశయం ఉంటుంది, కెమెరా కడుపు గోడ పైనుంచి చూస్తుంది, ల్యాప్రోస్కోపిక్ ప్రోబ్ లోపల ఉంటుంది. ప్రోబ్ మొనకి అయొడిన్ గింజ అంటిస్తే లోపల ప్రోబ్ ఎక్కడుందో పైన స్క్రీన్ మీద కనపడుతుంది, ఆ గుర్తుని నోడ్ చుక్క మీదికి నడిపించడమే. లోతైన నోడ్ కాబట్టి ఒక నిమిషం చాలకపోవచ్చు, ఓపిక పట్టండి.

నోడ్ బయటికొచ్చింది, ఇప్పుడేం చేయాలి

ముందు ఆ నోడ్‌ని గాయానికి దూరంగా, సైడ్ టేబుల్ మీద పెట్టి ఫొటో తీయండి. చిన్న ముక్కగా బయటికొచ్చినదాంట్లో ఒక చుక్క ఉందా రెండున్నాయా తెలుస్తుంది. దీన్ని పేషెంట్ మీదే పట్టుకుని తీయకండి, గాయం నుంచి వచ్చేదీ దీనిదీ కలిసిపోతాయి. ప్రోబ్‌తో పది సెకన్ల కౌంట్ కూడా రాసుకోండి, ఎందుకంటే సర్జన్లు పాటించే పది శాతం సూత్రానికి అది కావాలి. అన్నిటికన్నా హాట్‌గా (ఎక్కువ కౌంట్లతో) ఉన్న నోడ్ కౌంట్‌లో పది శాతానికి పైగా ఉన్న నోడ్స్ అన్నీ తీయాలి, గాయంలో మిగిలిన కౌంట్ ఆ పది శాతం కిందికి దిగాలి అన్నది ఆ సూత్రం.

ఇప్పుడు ఖాళీ చోటు ఫొటో. మొదటి ఫొటోకి ఏ ఎత్తు, ఏ కోణం, ఎంత సమయం వాడారో సరిగ్గా అదే ఇప్పుడూ. కాగితం మీద రాసుకోమన్నది ఇందుకే. తీసిన నోడ్ ట్రే పక్కకి వెళ్లిపోయిందా చూసుకోండి. తడి గుడ్డలు గాయం చుట్టూ లేకుండా తీయించండి. సీసం పలక మొదటి ఫొటోలో ఉంటే ఇప్పుడూ అక్కడే ఉండాలి.

ఇక అందరూ పడే గోతి. ఈ కెమెరాల సాఫ్ట్‌వేర్ చాలావరకు ప్రతి బొమ్మలోనూ ఎక్కువ కౌంట్లున్న పిక్సెల్‌కి ఎరుపు ఇచ్చి, మిగతావన్నీ దానితో పోల్చి రంగు వేస్తుంది. మొదటి ఫొటోలో నోడ్ ఎర్రగా ఉంది. అది తీసేశాక రెండో ఫొటోలో ఎరుపు ఎవరికి దక్కుతుంది? మిగిలినవాళ్లలో గొప్పవాడికి. అది ఉత్త బ్యాక్‌గ్రౌండ్ కావచ్చు, పది కౌంట్లున్న మామూలు కణజాలం కావచ్చు. స్క్రీన్ మీద మాత్రం ధగధగలాడుతుంది. సర్జన్ గుండె జారిపోతుంది, "ఇంకోటి ఉంది" అని మళ్లీ లోపలికి వెళతారు, దొరకదు, పావుగంట పోతుంది. నా మొదటి రోజుల్లో ఒక సీనియర్ సర్జన్‌ని నేనే ఇలా రెండుసార్లు వెతికించాను, ఆయన ఏమీ అనలేదు కానీ మూడోసారి నేను "సార్, ఇంకోటి" అన్నప్పుడు నా వైపు చూసిన చూపు గుర్తుంది. మందు సులువే. ఆటో స్కేల్ ఆపేయండి. మొదటి ఫొటో పైపరిమితినే రెండోదానికీ పెట్టి, రెండు బొమ్మల్నీ పక్కపక్కన చూపించండి. అప్పుడు నిజంగా మిగిలినదేదైనా ఉంటే కనపడుతుంది, లేకపోతే చోటు నల్లగా ఉంటుంది.

దీనికి ఉల్టా తప్పు కూడా ఉంది. అదే స్కేల్‌లో చూస్తే, మొదటి నోడ్ మరీ హాట్‌గా ఉన్నప్పుడు దాని పక్కనున్న పదిహేను శాతం నోడ్ కంటికి ఆనకపోవచ్చు. కాబట్టి మొదట అదే స్కేల్‌లో చూసి, తర్వాత స్కేల్ తగ్గించి ఇంకోసారి చూసి, ఏదైనా చుక్కలా గుండ్రంగా నిలబడితే రంగు సంగతి వదిలేసి దాని చుట్టూ గీత గీసి కౌంట్లు చదవండి. మొదటి ఫొటోలో నోడ్ చుట్టూ గీసిన అంతే గీతలో ఎన్నో, ఇప్పుడు ఎన్నో. ఇక్కడ కూడా లోతు తేడా ఉంటే పోలిక తప్పుతుంది కాబట్టి, చివరి మాట గాయంలో పెట్టిన ప్రోబ్‌దే. కెమెరా ఎక్కడ చూడాలో చెబుతుంది, ప్రోబ్ ఎంతుందో చెబుతుంది.

చుక్క మిగిలింది, ఇప్పుడు? స్కాన్‌లో ఆ చోట నోడ్ ఉందా చూడండి. స్కాన్‌లో ఉండి ఇప్పుడూ ఉంటే దాదాపు ఖాయం. స్కాన్‌లో లేకుండా ఇప్పుడు కొత్తగా పుడితే ముందు దొంగ చుక్కని అనుమానించండి, కవర్ మార్చి, గుడ్డలు తీయించి, కోణం మార్చి మళ్లీ తీయండి. అయినా ఉంటే, మొదటి నోడ్ వెలుగులో ఇంతసేపూ మునిగిపోయిన నోడ్ అయ్యుండొచ్చు, గుంపుగా ఉన్న నోడ్స్‌లో ఇది జరుగుతూనే ఉంటుంది. ఇంత శ్రమపడి కెమెరాని థియేటర్లోకి తోసుకొచ్చింది ఈ ఒక్క నోడ్ కోసమే అని నేననుకుంటాను. వెనక స్థాయి నోడ్ అయితే తీయాలా వద్దా అన్నది సర్జన్, న్యూక్లియర్ మెడిసిన్ డాక్టర్ మాట్లాడుకుని తేల్చాలి, మీరు మధ్యలో తీర్పు చెప్పకండి.

అసలేమీ కనపడకపోతే

ఒక్కోసారి స్కాన్‌లోనూ ఏమీ రాదు, థియేటర్లోనూ రాదు. ఇంజెక్షన్ సరైన పొరలో పడలేదేమో, మర్దన చేశారా, ఎంత సేపయింది, ఇవన్నీ చూసుకోవాల్సినవే, కొన్నిచోట్ల మళ్లీ ఇంజెక్షన్ చేసి ఆగుతారు. కానీ ఒక కారణం మర్చిపోకూడదు. నోడ్ నిండా క్యాన్సర్ నిండిపోతే లింఫ్ దాంట్లోకి రాదు, దారి మళ్లి ఇంకో నోడ్‌కి పోతుంది. అంటే అన్నిటికన్నా ముఖ్యమైన నోడ్ కెమెరాకి నల్లగా ఉండి, దాని పక్కన ఏ పాపమూ తెలియని నోడ్ వెలుగుతూ కనిపించవచ్చు. అందుకే ఎంత మంచి బొమ్మ వచ్చినా సర్జన్ గాయంలో వేలు పెట్టి తడిమి, గట్టిగా తగిలిన నోడ్‌ని హాట్ అయినా కాకపోయినా తీస్తారు. పక్కన నిలబడి "సార్ అది కోల్డ్, వదిలేయొచ్చు" అనకండి.

దొంగ చుక్కల సంగతి మరికొంచెం. ఇంజెక్షన్ చేసిన చోట చర్మం మీద కారిన బొట్టు, పేషెంట్ గౌను మీద పడిన తడి, పొత్తికడుపు కేసుల్లో మూత్రాశయం, ఇవే ఎక్కువ. నాకు ఒకసారి చంక కింద అద్భుతమైన చుక్క కనిపించింది, ఏ కోణంలో చూసినా ఉంది, తీరా చూస్తే ఇంజెక్షన్ తర్వాత అద్దిన దూది ముక్క డ్రేప్ మడతలో ఇరుక్కుని ఉంది. మూత్రాశయానికైతే క్యాథెటర్ వేసి ఖాళీ చేయించి, సంచిని కెమెరా చూపులో లేకుండా పక్కకి పెట్టించండి.

నీలం డై వాడే చోట ఇంకో సంగతి మత్తు డాక్టర్‌కి తెలిసే ఉంటుంది కానీ మీరు కంగారు పడకుండా చెబుతున్నా. డై రక్తంలోకి వెళ్లాక పల్స్ ఆక్సీమీటర్ తక్కువ అంకె చూపించవచ్చు, అది యంత్రం మోసపోవడం. కానీ ఆ డైలకి తీవ్రమైన అలర్జీ కూడా అరుదుగా వస్తుంది కాబట్టి ఆ అంకెని ఎవరూ తేలిగ్గా తీసుకోరు, మీరు ఆ సమయంలో కెమెరాని అడ్డం లేకుండా వెనక్కి లాగేయండి.

రేడియేషన్ గురించి థియేటర్ సిస్టర్లు టెన్షన్ పడుతుంటారు, ముఖ్యంగా గర్భంతో ఉన్నవాళ్లు. ఈ కేసుల్లో వాడే మోతాదు చాలా చిన్నది, పక్కన నిలబడినవాళ్లకి వచ్చేది చాలా తక్కువ, ఇంత మోతాదుకి సాధారణంగా సీసం ఆప్రాన్ కూడా వేసుకోరు. గర్భంతో ఉన్నవాళ్లు మాత్రం మీ రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌తో ముందే మాట్లాడుకోవాలి. ఈ విషయం కేసు మధ్యలో చెబితే ఎవరూ వినరు, లిస్టు చూసినప్పుడే వెళ్లి రెండు నిమిషాలు మాట్లాడండి.

చివర్లో సర్దుకునేటప్పుడు నోడ్, గడ్డ ఉన్న డబ్బాల మీద రేడియోధార్మిక గుర్తు, తేదీ, సమయం వేసి పాథాలజీకి ఫోన్ చేసి చెప్పండి. గాయంలో వాడిన గుడ్డలు, కవర్, గ్లవ్స్ ప్రోబ్ ముందు ఒకసారి తిప్పి చూసి, కూస్తే వేరే సంచిలో వేసి నిల్వ గదిలో పెట్టాలి. పది అర్ధాయువులు అంటే 60 గంటలు, అప్పటికి మొదట ఉన్నదాంట్లో వెయ్యో వంతు కూడా మిగలదు, అప్పుడు మళ్లీ కొలిచి మామూలు ఆస్పత్రి చెత్తలోకి. రెండు ఫొటోలూ ఒకే స్కేల్‌లో, ఎత్తు, సమయం రాసి రికార్డులోకి ఎక్కించండి, ఆరు నెలల తర్వాత ట్యూమర్ బోర్డులో (క్యాన్సర్ డాక్టర్లంతా కూర్చుని కేసులు చర్చించే చోట) ఎవరైనా అడిగితే చూపించడానికి అవే ఉంటాయి. కెమెరాని ఛార్జింగ్‌లో పెట్టి వెళ్లండి, రేపు పొద్దున్నే ఇంకో కేసు ఉంటుంది.